రెండొందల పది ఉగ్రయ్య, సున్నం పెచ్చులు

మందుల కాలేజీ వెనకాల, జీడిమామిడి తోటని ఆనుకుని, రేకుల కప్పుతో ఒక గది ఉండేది. మనుషులు దాన్ని జంతుశాల అనేవాళ్ళు. లోపల కాపురముండే ఎలుకలు మాత్రం ఊరు అనేవి. ఊరన్నాక రెండు వీధులైనా ఉండాలి కదా, అవీ ఉన్నాయి. ఎడమవైపు ఇనప అరల్లో పంజరాలన్నీ పోటు ఎలుకలవి. అంటే పుట్టుకతోనే రక్తపోటు ఉన్న జాతి. కుడివైపు పంజరాలు సాదా ఎలుకలవి. వాటికి పుట్టుకతో వచ్చిన విశేషం ఏమీ లేదు, ఆకలేస్తే తినడం, నిద్రొస్తే పడుకోవడం తప్ప.

ప్రతి మంగళవారం వసుంధర మేడమ్ వచ్చేది. ఒక్కో ఎలుకనీ ఒక పొడుగాటి పెట్టెలోకి పంపి, బయటికి వేలాడే తోకకి చిన్న పట్టీ తొడిగి, రక్తపోటు ఎంతుందో చూసి పుస్తకంలో రాసుకునేది. కదలకుండా ఉన్నందుకు చివర్లో ఒక వేరుశనగ పలుకు ఇచ్చేది. జబ్బు ఎంత ముదిరిందో తెలుసుకోవడానికి ఆవిడ రాసుకునే అంకెని ఎడమ వీధివాళ్ళు మార్కులనుకున్నారు. తాతల కాలంలో ఎవరో అలా అనుకున్నారు, అదే ఆచారమై కూర్చుంది. అంకె ఎక్కువున్నవాడు పెద్దమనిషి. దాణా ముందు వాడు తినాలి. వాడు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు మీసం కదపకూడదు. పెళ్ళి మాటలప్పుడు కూడా మొదటి ప్రశ్న "అబ్బాయికి ఎంత?" అనే. నూట యాభై అని చెప్తే అమ్మాయి తరఫువాళ్ళు నీళ్ళ సీసా వైపు చూస్తూ మాట మార్చేసేవాళ్ళు.

అలాంటి వీధిలో ఉగ్రయ్యకి రెండొందల పది. ఆ చుట్టుపక్కల అంత అంకె ఇంకెవరికీ లేదు. అన్నిటికన్నా కింది అరలో అతని పంజరం. భార్య సింగారి, వారం కిందట పుట్టిన ఏడుగురు పిల్లలు, మెత్తటి వరిపొట్టు పరుపు, లోటేమీ లేదు. ఎవరైనా తుమ్మినా అతనికి కోపమొచ్చేది. కోపమొస్తే అంకె పెరుగుతుందని సంతోషమొచ్చేది.

అంతా బాగున్నప్పుడే మేడమ్ కొత్త పరీక్ష పెట్టింది. బల్ల మీద రెండు గుంజలు, వాటి మధ్య సన్నటి ఇనప కడ్డీ, కింద దూది పరిచిన పళ్ళెం. ముందు కాళ్ళతో కడ్డీ పట్టుకుని ఎవరు ఎంతసేపు వేలాడతారో చూడాలి. చుట్టూ పిల్లలు, అంటే కాలేజీ పిల్లలు, నోటుపుస్తకాలతో నిలబడ్డారు.

ఉగ్రయ్యని కడ్డీకి తగిలించారు. ఎడమ వీధి మొత్తం పంజరాల చువ్వలకి ముక్కులు ఆనించి చూస్తోంది. మొదట్లో బాగానే ఉంది. పది లెక్కపెట్టేసరికి ముంజేతులు మండాయి. ఇరవైకి వేళ్ళు వణికాయి. ఇరవై రెండో సెకనుకి ఉగ్రయ్య దూదిలో వెల్లకిలా పడి ఉన్నాడు.

తర్వాత కుడి వీధి నుంచి నిదానమ్మని తెచ్చారు. వయసు మళ్ళిన సాదా ఎలుక. అంకె నూట ఇరవై, అది కూడా బద్ధకంగా వచ్చింది. ఆవిడ కడ్డీ పట్టుకుని, ఒకసారి అటూ ఇటూ చూసి, కళ్ళు మూసుకుంది. నిమిషం అయింది. నిమిషమున్నర అయింది. చివరికి ఆవిడ పడలేదు, మేడమే చాలని దింపింది.

మేడమ్ పిల్లలకి ఏదో వివరంగా చెప్తోంది కానీ ఉగ్రయ్యకి ఒక్క ముక్కా చెవికెక్కలేదు. పంజరంలోకి రాగానే పొట్టులోకి దూరి, తోక కూడా లోపలికి లాక్కున్నాడు. పై అరలో ఎవరో కిసుక్కుమన్నారు. అతనికి తల కొట్టేసినట్టయింది.

మేడమ్ చెప్పిన మాటలు ఇంకొకరు విన్నారు. గది మూలన నీళ్ళు పోయే తూము ఉంది. దాని జాలీ ఒకవైపు ఊడిపోయింది. ఆ సందులో కాపురం పందికొక్కు బొజ్జన్నది. తోటలో తిండి వెతుక్కోవడం బరువనిపించి, ఎవరి నోటి ముందుదైనా సులువుగా లాక్కునే దారి కోసం చూస్తూ ఉండేవాడు. మధ్యాహ్నం ఒంటిగంటకి కాపలా పైడయ్య గదికి గొళ్ళెం పెట్టి, క్యారేజీ పట్టుకుని చెట్టు కిందకి వెళ్ళేవాడు. మరునాడు అలా వెళ్ళీ వెళ్ళగానే బొజ్జన్న దొర్లుకుంటూ వచ్చి ఉగ్రయ్య పంజరం ముందు చతికిలబడ్డాడు.

"ఏం అల్లుడూ, నిన్న పడ్డావంట గదా."

"ఎవరు చెప్పారు?"

"చెప్పడానికేముంది, దభీమన్న చప్పుడు తూములోకి వినిపించింది. పోన్లే, తప్పు నీది కాదు. నీ కండల్లో సున్నం నిల్వ సరిగ్గా లేదంట. మేడమ్ చెప్తుంటే ఈ చెవులతో విన్నాను. ఆవిడ కాల్షియం అంటది. మన భాషలో సున్నం."

ఉగ్రయ్య పొట్టులోంచి తల బయటపెట్టాడు. "సున్నమా?"

"మరి? కండ బిగియాలంటే సున్నం కావాలి. కండలో సున్నం దాచుకునే సంచులుంటాయంట, నీవి ఖాళీ. ఆ ముసలిదాని సంచులు నిండుగా ఉన్నాయి, అందుకే గబ్బిలంలా వేలాడింది. వచ్చే మంగళవారం మళ్ళీ పరీక్ష ఉంది. ఈలోగా నింపుకున్నావంటే నీకు తిరుగుండదు."

"నింపుకోవడానికి ఎక్కడ దొరుకుతుంది మామా?"

బొజ్జన్న వెనక్కి తిరిగి గోడని చూపించాడు. చెమ్మకి ఉబ్బి పెచ్చులూడుతున్న సున్నపు గోడ. "అసలు సిసలు సరుకు. నువ్వు పంజరంలో ఉన్నవాడివి, నీకందదు. నేను గీకి తెచ్చి పెడతాను. నాకేం వద్దు. అంతగా నీ మనసొప్పకపోతే, నీ పంజరం పైన జాలీ మూతలో ఉన్న దాణా బిళ్ళలు రెండు కిందకి తోసెయ్."

ఆ రోజు రెండు బిళ్ళలకి ఒక పెచ్చు. రెండో రోజు నాలుగు. మూడో రోజుకి మూతలో ఉన్న దాణా అంతా చువ్వల సందుల్లోంచి కిందకి పోయింది, బొజ్జన్న పొట్టలోకి. పైడయ్య పొద్దున ఒక్కసారే దాణా పోస్తాడు, మళ్ళీ మరునాడే. ఉగ్రయ్య మాత్రం గోడ పెచ్చులు కరకరా నమిలి, నీళ్ళు తాగి, చేతులు మడిచి కండ ఎంత పెరిగిందో చూసుకునేవాడు. కడుపు బండలా అయింది. దాన్ని కూడా బలమనుకున్నాడు.

ఇంటి పెద్ద చేసే పనికి అడ్డు చెప్పకూడదన్నది ఆ వీధి మర్యాద. సింగారి అంకె నూట తొంభై, మొగుడి కన్నా ఇరవై తక్కువ. మూడు రోజులు నోరు మూసుకుంది. నాలుగో రోజు పొద్దున ఇక మూసుకోలేదు.

"ఏమయ్యా, నేనొకటి అడుగుతాను, కోప్పడకు."

"అడుగు."

"చంటోళ్ళకి పాలు లేవు."

"ఎందుకు లేవు?"

"తింటే గదా ఉండేది. మూడు రోజులైంది నేను కడుపునిండా తిని. నువ్వేమో ఉన్నదంతా ఆ తూము మనిషికి తోసేస్తున్నావు. చిన్నదాన్ని చూడు, నిన్నట్నుంచి ఏడుపు కూడా మానేసింది."

ఉగ్రయ్య చూశాడు. ఏడుగురూ ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు. ఆరుగురు నోళ్ళు తెరిచి వెతుక్కుంటున్నారు. అందరికన్నా చిన్నది మాత్రం వెతకడం లేదు. దాని పొట్ట చర్మం వదులుగా ముడతలు పడి ఉంది. ఉగ్రయ్యకి తన కండ చూసుకున్నన్నిసార్లు తన పిల్లల్ని చూసుకోలేదని అప్పుడు తెలిసింది. సిగ్గుతో అతనికి ఏడుపొచ్చింది.

ఆ మధ్యాహ్నం బొజ్జన్న పెచ్చు పట్టుకుని వస్తే ఉగ్రయ్య ఎదురెళ్ళాడు.

"ఇక చాలు మామా. నీ సున్నం నాకొద్దు. నా దాణా నీకు రాదు."

బొజ్జన్న పెచ్చు పక్కన పెట్టి, పంజరం చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. వెనక మూలన చువ్వలు తుప్పుపట్టి ఉన్నాయి. అక్కడ ఆగి, ఒక చువ్వని పంటితో తడిమి చూశాడు. అది కిర్రుమంది.

"పిల్లలెంతమంది అల్లుడూ?"

"ఏడుగురు."

"లేతగా ఉన్నారు. నేను శాకాహారినేమీ కాను. దాణాకి అలవాటుపడ్డ కడుపు ఇది, రేపట్నుంచి ఆగమంటే ఆగదు. నీ ఇష్టం మరి. రేపు ఈ వేళకి బిళ్ళలైనా ఉండాలి, లేకపోతే నేనీ చువ్వ సంగతి చూస్తాను."

అంతే, ఉగ్రయ్య రక్తం తలకెక్కింది. ఎగిరి చువ్వలకి గుద్దుకున్నాడు. మెరుపు వేగంతో మళ్ళీ ఎగిరాడు. మూడోసారి, నాలుగోసారి. పంజరం గడగడలాడింది కానీ చువ్వ కదల్లేదు. అయిదోసారికి కాళ్ళు లేవలేదు. పొట్టు మీద బోర్లా పడి రొప్పుతుంటే, బొజ్జన్న తాపీగా మీసాలు దువ్వుకుని తూములోకి వెళ్ళిపోయాడు.

"అయిందా నాయనా?" అని ఎదురు వరస కింది అరలోంచి నిదానమ్మ పలకరించింది.

"నువ్వూ నవ్వు పెద్దమ్మా. అందరూ నవ్వారుగా."

"నవ్వడానికి కాదు, చెప్పడానికి పిలిచాను. ఆ రోజు మేడమ్ చెప్పింది నేను మొత్తం విన్నాను. ఆ పందికొక్కు సగం విని, ఆ సగం కూడా తన పొట్టకి సరిపడేలా తిప్పాడు. కండలో సన్నటి పోగులుంటాయట. కొన్ని ఎర్రవి. నెమ్మదిగా లాగుతాయి, ఎంతసేపైనా అలిసిపోవు. కొన్ని తెల్లవి. టక్కున లాగుతాయి, ఇట్టే డస్సిపోతాయి. మీ జాతికి కండల్లో ఆ ఎర్ర పోగులు తక్కువట. అందుకే నీకు దూకడం వచ్చు, పట్టుకుని ఉండటం రాదు. ఇప్పుడేగా చూశాం."

"మరి సున్నం?"

"అదీ నిజమే. ప్రతి పోగు పక్కనా ఒక చిన్న సంచి ఉంటుందట. సంచిలోంచి సున్నం బయటికొస్తే పోగు బిగుస్తుంది. మళ్ళీ సంచిలోకి వెళ్ళిపోతే వదులవుతుంది. మీ జాతి సంచుల్లో నిల్వ ఎలా ఉందో చూడాలని మేడమ్ అంది. అంతేగానీ గోడ తినమని ఎక్కడా అనలేదు. తిన్న సున్నం తిన్నగా కండలోకి పోతుందా? నీ కడుపులో బండై కూర్చుంది."

సింగారి అందుకుంది. "చంటోళ్ళ ఎముకలకి సున్నం కావాలి గదా పెద్దమ్మా. అది నా పాలల్లోంచేగా పోవాలి?"

"నీ పాలల్లోకి దాణా బిళ్ళల్లోంచి వస్తుందే అమ్మా. అందులో కలిపే ఉంటుంది. మీ ఆయన సున్నం కోసం సున్నాన్నే ధారపోశాడు."

ఉగ్రయ్య మెల్లగా అడిగాడు. "వాణ్ణి నేను కొరకలేను. చువ్వలున్నాయి. ఉన్నదంతా ఇస్తే పిల్లలు ఆకలితో పోతారు, ఇవ్వకపోతే వాడు తినేస్తాడు. ఏం చెయ్యమంటావు?"

"వాడు నిన్ను దేంతో పట్టాడు?"

ఉగ్రయ్య తల దించుకున్నాడు. "గొప్పతో."

"మరి వాడికి గొప్ప చేదా?" అని నిదానమ్మ తూము వైపు చూసి గొంతు తగ్గించింది. "కిందపడ్డ పెచ్చులు చూస్తే పైడయ్య రేపు బోను పెట్టకుండా ఉండడు. అప్పుడు నీకు దూకే పని లేదు. పట్టుకుని ఉండే పని ఉంది. నీ నాలుకని."

మరునాడు పొద్దున పైడయ్య గోడకింద రాలిన పెచ్చులూ, పక్కన పెద్ద పెద్ద పెంటికలూ చూసి నెత్తి కొట్టుకున్నాడు. ఎక్కణ్ణుంచో ఓ చెక్కపెట్టె తెచ్చాడు. ముందొక పలక పైకి లేపి ఉంది, లోపలి కొక్కేనికి ఒక మసాలా వడ గుచ్చి ఉంది. వడ లాగితే పలక కింద పడుతుంది. పలకకీ నేలకీ మధ్య వేలెడు సందు ఉంటుంది. పెట్టెని తూము దగ్గర పెట్టి, ఒంటిగంటకి క్యారేజీతో వెళ్ళిపోయాడు.

బొజ్జన్న వచ్చాడు. పెట్టెని చూసి, ముక్కు ఎగరేసి, దూరంగా తిరిగి ఉగ్రయ్య ముందుకొచ్చాడు.

"బోనులు నాకు కొత్త కాదు. మా నాన్నని పట్టింది ఇనప బోను, మా తాతని పట్టింది జిగురు అట్ట. ఇదేదో చెక్కది. సరే, బిళ్ళలేవి?"

"అదిగో, మూతలో నిండుగా ఉన్నాయి మామా. ఇవ్వడానికి నాకేం బాధ లేదు. కానీ వీధివాళ్ళు ఒప్పుకోవడం లేదు."

"వాళ్ళెవరు ఒప్పుకోకపోవడానికి?"

"మా ఆచారం నీకు తెలుసుగా. అంకె ఉన్నవాడికే దాణా. రెండొందల పది ఉన్నవాణ్ణి, అంకే లేనివాడికి అన్నం తోస్తున్నానంట. మా పరువు తీస్తున్నావని పొద్దుట్నుంచి సాధిస్తున్నారు."

పై అరలోంచి ఒక గొంతు వచ్చింది. అది ముందురోజు రాత్రే సింగారి చెప్పిపెట్టిన గొంతు. "అంకె లేకపోవడమేంటి, ఆ మెడ చూడండి. కొలిస్తే మూడొందలకి తక్కువుండదు."

"మూడొందలెక్కడ," అంది ఇంకో గొంతు. "మూడొందల యాభై అయినా ఉంటుంది."

బొజ్జన్న మెడ కొంచెం సాగింది. "అంత ఉంటుందా?"

"కొలిస్తేగా తెలిసేది," అన్నాడు ఉగ్రయ్య. "మా పెట్టె నీకు పట్టదు. అందుకే నీ ఒంటికి సరిపడా ఆ పెద్ద పెట్టె తెప్పించారు."

"అది బోను కాదూ?"

"మంగళవారం మమ్మల్ని దేంట్లోకి పంపుతారు మామా? నువ్వు తూములోంచి చూస్తూనే ఉంటావుగా."

బొజ్జన్న చూస్తూనే ఉండేవాడు. పొడుగాటి పెట్టె, లోపలికి వెళ్ళడం, తోక బయట, కదలకుండా ఉండటం, తర్వాత తిండి. ఆలోచనలో పడ్డాడు. అయినా గట్టివాడు కదా, ఉగ్రయ్య వైపు ఓరగా చూస్తూ అన్నాడు.

"నన్నక్కడికి పంపి నువ్వు చల్లగా ఉందామనా? నిన్న ఎగిరెగిరి పడ్డావుగా. చూశాన్లే నీ ప్రతాపం. ఆ చిన్నది ఇంకా ఉందా, నాకోసం దాచావా?"

ఉగ్రయ్య చెవులు ఎర్రబడ్డాయి. పళ్ళు వాటంతట అవే బయటికొచ్చాయి. వెనక కాళ్ళు దూకడానికి ముడుచుకున్నాయి. సింగారి అతని తోక మీద కాలు వేసి తొక్కి పట్టింది. ఎదురు అరలోంచి నిదానమ్మ కళ్ళు మూసుకుని తెరిచింది. కడ్డీ మీద ఇరవై రెండు సెకన్లకి మించి వేలాడలేనివాడు ఆ మాట మింగేసి, నెమ్మదిగా బదులిచ్చాడు. పిల్లల మీద ప్రేమ లేకపోతే ఆ పని అతని వల్ల అయ్యేది కాదు.

"ఉంది మామా. రేపు నీ అంకె వచ్చాక అది కూడా నీకు దణ్ణం పెడుతుంది. అంకె లేనివాడు అడిగి లాక్కోవాలి. అంకె ఉన్నవాడికి మేమే తెచ్చి పెట్టాలి. మూడు పూటలా."

"మూడు పూటలా?"

"నీ పేరు రాసిన పంజరంలో."

బొజ్జన్న పెట్టె దగ్గరికి నడిచాడు. లోపలికి తొంగి చూసి వెనక్కి తిరిగాడు. "మీకు పలుకు చివర్లో ఇస్తారు. ఇక్కడ వడ ముందే పెట్టారేం?"

ఈ ప్రశ్న వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఉగ్రయ్య తొందరపడలేదు. ఒక్క క్షణం ఆగి, బాధపడ్డట్టు మొహం పెట్టాడు.

"అదే మామా మాకూ మండుతోంది. ఇన్నేళ్ళ నుంచి కొలిపించుకుంటున్నాం, ఒక్కరికైనా ముందే పెట్టారా? చూడగానే తెలిసిపోయినట్టుంది నీదెంతో."

ఆ మాటతో బొజ్జన్న పూర్తిగా కరిగిపోయాడు. ఒళ్ళు కుదించుకుని లోపలికి దూరాడు. వడ లాగాడు. పలక ధడాలున పడింది. అతను బెదరలేదు సరికదా, కింది సందులోంచి తోక బయటికి జరిపి నిటారుగా పెట్టాడు.

"ఇలా పెడితే సరిపోతుందా అల్లుడూ?"

"సరిపోతుంది మామా. కదలకు. కదిలితే అంకె తగ్గుతుంది."

అతను కదల్లేదు. వడ పక్కన ఉన్నా కొరకలేదు, నమిలితే లెక్క తప్పుతుందేమోనని. ఈ లోపల ఉగ్రయ్య మూతలోంచి మొదటి బిళ్ళ దింపి సింగారి ముందు పెట్టాడు. ఆమె అతని మొహంలోకి చూసింది. పెద్ద అంకెవాడు తినకుండా ఆ వీధిలో ఎవరూ ముందు తిన్నది లేదు. "తిను" అన్నాడు. ఆమె తింది. రెండోది కూడా ఆమెకే పెట్టాడు. సాయంత్రానికి పాలు పడ్డాయి. చిన్నది మొదట రెండుసార్లు జారిపోయి, మూడోసారి పట్టు దొరికించుకుని, గుటక వేసింది. ఆ గుటక చప్పుడు విని ఉగ్రయ్య గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. వచ్చే మంగళవారం ఎన్ని సెకన్లు వేలాడతానోనన్న దిగులు అతనికి ఇప్పుడు లేదు.

అంతకుముందే, ఆ మధ్యాహ్నం రెండు గంటలకి పైడయ్య వచ్చాడు. పడిన పలక, బయట నిటారుగా నిలబడ్డ తోక చూసి, "ఇదేం పందికొక్కురా నాయనా, చెక్కబొమ్మలా కూర్చుంది" అనుకుంటూ పెట్టెకి తాడు కట్టి సైకిల్ వెనక పెట్టాడు. కాలువ దాటి, అవతలి రాళ్ళ దిబ్బ మీద వదిలెయ్యడానికి బయల్దేరాడు. అక్కడ దాణా లేదు, తూము లేదు, పంజరాలూ లేవు. ఉన్నవల్లా రెండు ముంగిసలు.

సైకిల్ గతుకుల్లో ఎగిరిపడుతుంటే పెట్టెలోంచి బొజ్జన్న గొంతు మర్యాదగా వినిపించింది.

"అయ్యా, ఎంతొచ్చింది?"

తన గొప్ప ఎంతో ఇంకొకరు కొలిచి చెప్పాలని కాచుకుని కూర్చున్నవాడికి, తన వెనక తలుపు పడిన చప్పుడు కూడా వినపడదు.